సిడ్నీలో బుధవారం రాత్రి రగ్బీ లీగ్: కొత్తగా వచ్చినవారి సందేహం

సందేహం: పారమటా దగ్గర ఉంటున్నాం. ఆఫీసులో వయసు పైబడినవాళ్ళు ఫుటీ (ఇక్కడ రగ్బీ లీగ్‌ను ముద్దుగా అలా అంటారు) కబుర్లలో పడితే "ఆమ్కో కప్" అంటూ తెగ తలుచుకుంటారు. ఇప్పటి మ్యాచ్‌ల పట్టికలో ఆ పేరే లేదు. ఏమిటది? మాకు ఆట అర్థం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ కప్పు ఇప్పుడు లేదు. 1974 నుంచి 1989 దాకా ఏటా వారం మధ్యలో, ఫ్లడ్‌లైట్ల కింద, నాకౌట్ పద్ధతిలో జరిగేది. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారింది. 1979 వరకు జీన్స్ కంపెనీ ఆమ్కో, తర్వాత టూత్, కేబీ, 1984 నుంచి పానాసోనిక్. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఒకటే కప్పు. పిలిచే పేరునిబట్టి వాళ్ళ కుర్రతనం ఏ ఏళ్ళలో గడిచిందో చెప్పెయ్యొచ్చు.

శని, ఆదివారాల్లో లీగ్ మ్యాచ్‌లు మామూలే. మధ్యలో ఇది, ఎక్కువగా సిడ్నీలోని లైకార్ట్ ఓవల్ మైదానంలో. టీవీలో ప్రకటనలకు చోటు దొరకాలి కాబట్టి రెండు హాఫ్‌లకు బదులు నాలుగు క్వార్టర్లు ఆడించేవారు. సిడ్నీ క్లబ్బులతోపాటు న్యూ సౌత్ వేల్స్ పల్లెప్రాంతాల జట్లు, బ్రిస్బేన్ జట్లు, న్యూజిలాండ్ జట్లు కూడా దిగేవి. ఈ కప్పు గొప్పతనమంతా అక్కడే ఉంది. నెలల తరబడి సాగే లీగ్‌లో చిన్న జట్టు నిలవడం కష్టం. నాకౌట్‌లో మూడు నాలుగు రాత్రులు ప్రాణం పెట్టి ఆడితే కప్పు చేతికొస్తుంది.

మొదటి ఏడాదే అది జరిగింది. డబ్బో, ఆరెంజ్, బాథర్స్ట్ వైపు ఆటగాళ్ళతో కూడిన వెస్టర్న్ డివిజన్ జట్టుకు జానీ కింగ్ కోచ్. సెమీఫైనల్లో ఎదురైంది సిడ్నీ క్లబ్బు మాన్లీ, 1972లోనూ 1973లోనూ లీగ్ విజేత. స్కోరు 12-12. సమానమైతే ఎవరికి ఎక్కువ పెనాల్టీలు (ఎదుటి జట్టు తప్పుకు ఇచ్చేవి) దక్కాయో వాళ్ళే గెలిచినట్టు అన్నది అప్పటి నిబంధన. ఆ లెక్కలో వెస్టర్న్ డివిజన్ గట్టెక్కింది. అంటే తప్పులు చెయ్యకుండా ఆడటమే వాళ్ళను ఫైనల్‌కు చేర్చింది. అక్కడ మరో సిడ్నీ క్లబ్బు పెన్‌రిత్‌ను 6-2తో ఓడించారు.

6-2 చూసి ఆట చప్పగా సాగిందనుకోకండి. అప్పట్లో ట్రైకి (అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకు ఆనించడానికి) 3 పాయింట్లే. 4 అయింది 1983లో. టాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) తర్వాత డిఫెన్సు 5 మీటర్లు వెనక్కి వెళితే చాలు, ఇప్పుడు 10 మీటర్లు వెళ్ళాలి. ఖాళీ తక్కువ, పాయింట్లు తక్కువ. 1977 ఫైనల్లో వెస్టర్న్ సబర్బ్స్ ఈస్టర్న్ సబర్బ్స్‌పై 6-5తో, 1980లో పారమటా బాల్మెయిన్‌పై 8-5తో నెగ్గాయి. పారమటా 1986లో కప్పూ లీగూ రెండూ గెలిచింది. మీరుండేది అక్కడే కాబట్టి ఆఫీసులో ఈ ఒక్క మాట ఎత్తి చూడండి, ఎదుటివాళ్ళు కుర్చీ మీ వైపు తిప్పుకుంటారు.

కోచ్‌లకు మాత్రం ఇది పెద్ద తలనొప్పి. ఆదివారం తగిలిన దెబ్బలు మానకముందే బుధవారం. మంచి ఆటగాళ్ళను దించితే వారాంతానికి కాళ్ళు ఆడవు, దించకపోతే ఒక్క రాత్రిలో కప్పు పోతుంది. 1988లో బ్రిస్బేన్, న్యూకాజిల్, గోల్డ్‌కోస్ట్ క్లబ్బులు లీగ్‌లో చేరాయి. లీగ్ ఇలా పెద్దదయ్యాక, 1990 నుంచి ఈ కప్పు స్థానంలో సీజన్‌కు ముందు ఆడే పోటీ వచ్చింది.

ఇక నేర్చుకునే సంగతి. ఇప్పుడు బుధవారం రాత్రి అంటే స్టేట్ ఆఫ్ ఆరిజిన్. ఇది నాకౌట్ కాదు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ మధ్య మూడు మ్యాచ్‌ల సిరీస్. మే చివర మొదలై జూలైలో ముగుస్తుంది, చానల్ నైన్‌లో ఉచితంగా వస్తుంది. మొదటి మ్యాచ్ ఇంట్లోనే చూడండి. మొదటి 20 నిమిషాలు స్కోరు వదిలేసి టాకిల్స్ లెక్కపెట్టండి. కబడ్డీలో పట్టుబడితే అవుట్; ఇక్కడ పట్టుబడినవాడు లేచి, బంతిని నేలమీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనకున్నవాడు అందుకుంటాడు. అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు. ఐదోది పూర్తవగానే రిఫరీ చెయ్యెత్తుతాడు, ఆ తర్వాత సాధారణంగా బంతిని తన్నేస్తారు. కొత్తవాళ్ళ లెక్క తప్పేది ఇక్కడే: పెనాల్టీ వచ్చినా, "సిక్స్ అగైన్" (అవతలి జట్టు తప్పుకు మళ్ళీ ఆరు టాకిల్స్ ఇవ్వడం) గంట మోగినా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి.

సిడ్నీలో ఆరిజిన్ ఒలింపిక్ పార్క్‌లోని ఆకార్ స్టేడియంలో జరుగుతుంది. కారు వద్దు. పారమటా నుంచి లిడ్‌కోంబ్ దాకా వచ్చి రైలు మారండి. టికెట్లోనే రైలు ఛార్జీ కలిసి ఉందేమో చూసుకోండి. ఆట రాత్రి 8 తర్వాత మొదలై, ముగిసేసరికి దాదాపు 10 అవుతుంది, వణికించే చలి, మందపాటి జాకెట్ తప్పనిసరి. న్యూ సౌత్ వేల్స్ రంగు నీలం. మెరూన్ అవతలివాళ్ళది, బీరువాలో ఉంది కదా అని వేసుకెళ్ళకండి.

పాత కప్పు జరిగిన లైకార్ట్‌లో ఇప్పుడు వెస్ట్స్ టైగర్స్ అనే సిడ్నీ క్లబ్బు వాళ్ళు ఏటా కొన్ని మ్యాచ్‌లే ఆడతారు. పట్టికలో వేదిక చూసుకుని, గడ్డి గట్టు మీద కూర్చునే టికెట్ కొనండి, పిల్లలకు అదే హాయి. గట్టు తడిగా ఉంటుంది, కింద పరుచుకోవడానికి ఒక షీటు పట్టుకెళ్ళండి. లిల్లీఫీల్డ్ లైట్ రైల్ స్టాప్‌లో దిగి నడిచిపోవచ్చు. చుట్టుపక్కలవి ఇళ్ళున్న ఇరుకు వీధులు, పార్కింగ్ దొరకదు. శాకాహారులకు అక్కడ చిప్స్ మించి పెద్దగా ఏమీ ఉండదు, కడుపు నింపుకుని బయల్దేరండి.