స్టార్చ్ గుళికలో మందు నిలవాలంటే

చిరంజీవికి, ఆశీస్సులు.

కర్రపెండలం స్టార్చ్‌లో అట్రజిన్ కలుపుమందును బంధించి చేసిన గుళికలను నీటిలో వేస్తే, గంట తిరగకముందే సగం మందు బయటికి వచ్చేసిందని రాశావు. అంతమాత్రాన పద్ధతిని మార్చకు. ఆ సగంలో గుళిక లోపలి నుంచి వచ్చినది ఎంతో, పైపైన అంటుకొని ఉన్నది ఎంతో ముందు తేల్చుకో. మందును కరిగించేదీ, స్టార్చ్‌ను ఉబ్బించనిదీ అయిన ద్రావణితో గుళికలను కొద్దిసేపు కడిగితే పైమందు వచ్చేస్తుంది. మొత్తంలోంచి దాన్ని తీసివేయగా మిగిలినదే నిజంగా లోపల చిక్కిన మందు. ఉద్యోగం తొలినాళ్లలో నేను ఇలా కడిగి చూడకుండానే గుళికలను పొలానికి పంపి, ఒక పంటకాలం పరీక్షను వృథా చేశాను.

తరువాత అమైలోజ్, అంటే స్టార్చ్‌లోని పొడవాటి గొలుసుల్లాంటి భాగం, దాని సంగతి చూడు. కర్రపెండలం స్టార్చ్‌లో అది సుమారు 17–20 శాతం, మామూలు మొక్కజొన్న స్టార్చ్‌లో 25–28 శాతం ఉంటుంది. రాత్రి మెత్తగా ఉన్న అన్నాన్ని తెల్లారేసరికి గట్టిపరిచే మార్పే మనకు ఇక్కడ అక్కరకు వస్తుంది: ఉడికి విడిపోయిన అమైలోజ్ గొలుసులు చల్లారేకొద్దీ మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటాయి, నీరు లోపలికి దూరడం ఆలస్యమవుతుంది, మందు బయటపడే వేగాన్ని నిర్ణయించేది ఆ నీరే. కాబట్టి మొక్కజొన్న స్టార్చ్‌తో ఒక విడత చేసి, ఉడికిన ముద్దను వెంటనే వేడిగాలికి పెట్టకుండా, తడి ఉండగానే చల్లారనిచ్చి ఆపైన ఆరబెట్టు.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో ఉన్న వ్యవసాయశాఖ ప్రయోగశాల 1970లలో స్టార్చ్ శాంథేట్‌తో, అంటే కార్బన్ డైసల్ఫైడ్‌తో రసాయనికంగా మార్చిన స్టార్చ్‌తో, ఈ పని చేసింది. నువ్వు ఆ దారి పట్టవద్దు. దానికి కావలసిన కార్బన్ డైసల్ఫైడ్ ఇట్టే అంటుకుంటుంది, నరాలను దెబ్బతీస్తుంది. ఆ ప్రయోగశాలవారే తరువాత స్టార్చ్, నీరు, మందు కలిపి జంట స్క్రూల ఎక్స్‌ట్రూడర్‌లో (ముద్దను వేడిచేస్తూ, పిసుకుతూ రంధ్రం గుండా బయటికి నెట్టే యంత్రంలో) ఉడికించే పద్ధతికి వచ్చారు. నీకు అదే తగినది.

బీకరులోని నీటి పరీక్షతో మాత్రం ఆగకు. మట్టిలోని సూక్ష్మజీవులు స్టార్చ్‌ను తినేస్తాయన్నది బీకరులో కనబడదు. మట్టి నింపిన గొట్టాలు రెండు తీసుకొని, ఒకదానిలో గుళికలు, మరొకదానిలో మామూలు అట్రజిన్ వేసి, పైనుంచి నీరు పోస్తూ మందు ఎంత లోతుకు దిగిందో పోల్చు. భూగర్భజలంలోకి మందు దిగకుండా చూడటానికే కదా మన ఈ శ్రమంతా! అయితే మరీ నిదానమైనా తప్పే. కలుపు మొలకెత్తే రోజుల్లో మందు అందకపోతే రైతు నష్టపోతాడు.

చిన్న పలుకులు మందును త్వరగా వదిలేస్తాయి కనుక, వచ్చే ఉత్తరంలో పైమందు, లోపలి మందు అంకెలను విడివిడిగా, ఏ జల్లెడ పట్టావో చెబుతూ రాయి.

నీ మేలు కోరే
పెదనాన్న