హైబ్రిడ్డా, పెట్రోలా? చిన్న కారు కొనేవారి ప్రశ్నలు

ప్రశ్న: మాది కావలి, ఉద్యోగం నెల్లూరులో. నెలకు పాతిక రోజులు హైవే మీద పోయి రావాలి. పోనూ రానూ 110 కిలోమీటర్లు. ఇంట్లో నలుగురం, చిన్న హ్యాచ్‌బ్యాక్ చాలు. హైబ్రిడ్ తీసుకుంటే పెట్రోలు ఖర్చు సగానికి సగం తగ్గుతుందని ఆఫీసులో అందరూ చెబుతున్నారు. షోరూముకు పోతే మామూలు పెట్రోలు బండ్లే చూపిస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పెట్రోలు హ్యాచ్‌బ్యాకే తీసుకోండి. షోరూమువాళ్లు మీ దగ్గర ఏమీ దాచలేదు. టొయోటా యారిస్, హోండా జాజ్‌లలో అసలైన హైబ్రిడ్ రకాలు యూరప్, జపాన్ దేశాల్లో ఉన్నాయి గానీ మన షోరూముల్లోకి రాలేదు. ఇక్కడ స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే కాసేపు బ్యాటరీ మోటారుతోనే నడవగల బండి, కావాలంటే టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ వంటి పెద్ద బండ్ల దగ్గరికి పోవాలి. పన్ను దగ్గర కూడా తేడా పెద్దదే. 2025 సెప్టెంబరు 22 నుంచి పొడవు 4 మీటర్లకు, ఇంజిన్ 1200 సీసీకి మించని పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటిన పెట్రోలు బండికి, అది హైబ్రిడ్ అయినా సరే, 40 శాతం.

అసలు మీ దారికి హైబ్రిడ్ పెద్దగా పనికిరాదు. బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుని, మళ్లీ కదిలేటప్పుడు మోటారుతో వాడుకోవడమే హైబ్రిడ్ చేసే ముఖ్యమైన పని. కావలి దాటాక మీరు 80, 90 మీద ఒకే తీరున పోతుంటారు. టోల్‌గేటు దగ్గర తప్ప బ్రేకు మీద కాలు పడదు. దాచుకోవడానికి ఏమీ లేనప్పుడు వాడుకోవడానికి ఏముంటుంది? దాదాపు దారి పొడవునా బండిని లాగేది పెట్రోలు ఇంజినే.

లెక్క చూడండి. నెలకు 2,750 కిలోమీటర్లు. హైవేలో లీటరుకు 20 ఇచ్చే హ్యాచ్‌బ్యాక్ అయితే సుమారు 137 లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే 15,100 చిల్లర. అదే దారిలో పెద్ద హైబ్రిడ్ 23 ఇచ్చిందనుకుందాం, దానికి 13,150. నెలకు మిగిలేది రెండు వేల లోపే. రోడ్డు మీదికి వచ్చేసరికి రెండు బండ్ల మధ్య తొమ్మిది లక్షల తేడా ఉంటే, అది పెట్రోలు మీద రాబట్టుకోవడానికి ముప్పై ఏళ్లు దాటుతుంది. ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులున్న మోడల్ తీసుకుని, మంచి టైర్లు వేయించుకోండి. 100 మీద పోయేవాళ్లు 85కి తగ్గించుకుంటే మిగిలే పెట్రోలు, హైబ్రిడ్ తీసుకుంటే వచ్చే మిగులుకు ఏమీ తీసిపోదు.

ప్రశ్న: నెల్లూరులో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర 2020 మోడల్ బాలెనో చూశాం. వెనక 'స్మార్ట్ హైబ్రిడ్' అని ఉంది. హైబ్రిడ్ కాబట్టి 40 వేలు ఎక్కువ అంటున్నాడు. ఇవ్వవచ్చా? బ్యాటరీ పోతే లక్షలవుతుందని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, వేదాయపాళెం

జవాబు: ఆ మాట చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. బండి బాగుంటే బండికే ధర కట్టండి.

అందులో ఉన్నది మైల్డ్ హైబ్రిడ్. మామూలు కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉండే చోట ఇందులో కాస్త బలమైన స్టార్టర్-జనరేటర్ ఉంటుంది, బెల్టుతో ఇంజిన్‌కు కలిసి. బండి నెమ్మదించేటప్పుడు కరెంటు పుట్టిస్తుంది, పికప్ ఇచ్చేటప్పుడు ఇంజిన్‌కు కొంచెం చేయి అందిస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను తిరిగి లేపుతుంది. బండిని మోటారు ఒక్కటే అడుగైనా నడపలేదు. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 23.87 కిలోమీటర్లు. అందులో కొంత వాటా సిలిండరుకు రెండేసి ఇంజెక్టర్లున్న ఆ డ్యుయల్‌జెట్ ఇంజిన్‌ది, అంతా హైబ్రిడ్ గొప్ప కాదు.

బ్యాటరీలు రెండు. బానెట్ కింద లెడ్ యాసిడ్ది, ముందు ఎడమ సీటు కింద చిన్న లిథియం అయాన్‌ది. రెండూ 12 వోల్టులవే. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఉండే పెద్ద బ్యాటరీ ఇందులో లేదు కాబట్టి మీరు విన్న ఆ లక్షల భయం దీనికి వర్తించదు. అయినా లిథియందాని ధర సర్వీస్ సెంటర్లో ముందే అడిగి పెట్టుకోండి, బేరానికి ఉపయోగపడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పోవాలి. వ్యాపారి ముందే వేడి చేసి పెడితే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. మొదటిసారి తాళం తిప్పినప్పుడు మామూలు సెల్ఫ్ మోటారే తిరుగుతుంది, ఆ 'కర్ర్' చప్పుడు వినపడుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు నడిపి ఇంజిన్‌ను వేడెక్కనివ్వండి. ఏసీ ఆపి, సీటుబెల్టు పెట్టుకుని, బండిని పూర్తిగా నిలిపి, న్యూట్రల్లో పెట్టి క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగాలి. క్లచ్ తొక్కగానే సెల్ఫ్ చప్పుడు లేకుండా మెత్తగా లేవాలి. డ్రైవరు తలుపు సరిగా పడకపోయినా, బానెట్ సరిగా మూయకపోయినా ఇంజిన్ ఆగదు, అవి ముందే చూసుకోండి. రెండు మూడుసార్లు ప్రయత్నించినా ఆగలేదంటే ఎక్కువసార్లు తప్పు లెడ్ బ్యాటరీదే. ఇలా ఇంజిన్‌ను ఆపి లేపే స్టార్ట్-స్టాప్ కోసం చేసిన బ్యాటరీ పోతే, చవకగా వస్తుందని మామూలుది బిగిస్తారు. అది రోజుకు అన్నిసార్లు ఇంజిన్ లేపే భారం మోయలేదు, తొందరగా చచ్చిపోతుంది.

తర్వాత బెల్టు. టార్చి వేసి లోపలి గాడులు చూడండి. అడ్డంగా పగుళ్లున్నా, అంచు అద్దంలా మెరుస్తున్నా మార్చాల్సిందే. క్లచ్ తొక్కి ఇంజిన్ లేచే క్షణంలో కీచుమంటే బెల్టు జారుతోందని, లేదా బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్ స్ప్రింగ్ వదులైందని అర్థం. మామూలు కారులో ఆ బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పితే చాలు, ఇక్కడ ఇంజిన్‌నే లేపాలి. అందుకే దొరికిన బెల్టు వేస్తే నెలల్లోనే జారుతుంది. పార్టు నంబరు చూసి అదే వేయించాలి.

ఇంకొకటి. ఎడమ సీటు కింద కార్పెట్ ఎత్తి, చేత్తో అదిమి చూడండి. చెమ్మ, బురద వాసన, బోల్టుల మీద తుప్పు ఉంటే ఆ బండి నీళ్లలో నిలబడిందన్నమాట. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. 2021 నవంబరులో పెన్నా వరద మన ఊళ్లను ఎంత ముంచిందో మీకు తెలియంది కాదు. అప్పటి బండ్లు కడిగి, పాలిష్ పట్టి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటాయి.

2020 నాటి బండి, ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కోసం తయారైంది కాదు. ఇంధనం గొట్టాలు, రబ్బరు సీళ్లు ఏడాదికొకసారి చూపించుకోండి. మైలేజీ కొంచెం తగ్గితే అది ఇంజిన్ జబ్బని కంగారుపడకండి, ఇథనాల్‌లో లీటరుకు వచ్చే శక్తే పెట్రోలు కన్నా తక్కువ.

ప్రశ్న: నేను రోజంతా ఒంగోలు టౌన్లోనే తిరుగుతాను. కర్నూలు రోడ్డు, ట్రంకు రోడ్డు, అద్దంకి బస్టాండు. నెలకు 2,000 కిలోమీటర్లు. ఆటోమేటిక్ కావాలి. హ్యాచ్‌బ్యాక్ అనుకున్నా గానీ, సొంతవాళ్లు సాయం చేస్తారు కాబట్టి పెద్ద హైబ్రిడ్‌కు పోవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: డబ్బుకు ఇబ్బంది లేదు, బండి ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటారు అనుకుంటే హైబ్రిడ్ మీలాంటివారికే. అయితే దాన్ని పోల్చాల్సింది హ్యాచ్‌బ్యాక్‌తో కాదు, అదే సైజు మామూలు పెట్రోలు ఆటోమేటిక్‌తో. టౌన్లో అది లీటరుకు 12 ఇస్తే నెలకు పెట్రోలు ఖర్చు 18,300 రూపాయలు, హైబ్రిడ్ 21 ఇస్తే 10,500. ఏడాదికి 90 వేల పైన మిగులుతుంది. ఎక్కువ పెట్టింది మూడున్నర లక్షలైతే నాలుగేళ్లలో తిరిగొస్తుంది. ఇక హ్యాచ్‌బ్యాక్‌తోనే సరిపెట్టుకోగలిగితే, లెక్కలో గెలిచేది ఎప్పటికీ హ్యాచ్‌బ్యాకే.

పెద్ద బ్యాటరీకి టొయోటా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. దాన్ని చంపేది వేడి. చాలా హైబ్రిడ్లలో వెనక సీటు దగ్గర జాలీ ఉంటుంది, బ్యాటరీ గాలి పీల్చుకునేది అక్కడే. దాని మీద సంచులు, దుప్పట్లు పడేయకండి. అగ్నికార్తెలో ఎండలో నిలబెట్టిన బండి ఎక్కగానే అద్దాలు రెండు నిమిషాలు దించి, తర్వాత ఏసీ వేయండి.

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్ దిగేటప్పుడు ఒక జాగ్రత్త. దిగుతుండగా బ్యాటరీ నిండిపోతే ఇక కరెంటు పట్టదు, బరువంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. గేరు 'బీ'లో పెట్టి దిగండి, అప్పుడు ఇంజినే బండి వేగాన్ని పట్టి ఉంచుతుంది.

ప్రశ్న: వానకు మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే, ఏ కారు సురక్షితం?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఏదీ కాదు. చక్రం సగం దాటి నీళ్లుంటే వెనక్కి తిరగండి. మధ్యలో ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. గాలి గొట్టంలోంచి సిలిండర్లోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకుంటే తప్ప ఈ నష్టానికి డబ్బు రాదు. తోసి బయటికి తెచ్చి టోయింగ్ బండికి ఫోన్ చేయండి. మైల్డ్ హైబ్రిడ్ అయితే సీటు కింద బ్యాటరీ తడిసిందని మెకానిక్కుకు ముందే చెప్పండి. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే నారింజ రంగు వైర్లను మీరు గానీ, బయటి మెకానిక్ గానీ ముట్టుకోకూడదు. వాటిలో ఉన్నది వందల వోల్టుల కరెంటు.