స్టూడియో పెట్టే అబ్బాయికి డిస్కుల సంగతి

అబ్బయా,

కావలిలో స్టూడియోకి కెమెరాలు, లైట్లు బాగానే ఎంచుకున్నావు. డిస్కుల సంగతి మాత్రం షాపువాడికి వదిలేసినట్టుండావు. ‘2 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటి చాలన్నా’ అంటాడు వాడు. చాలదు.

హార్డ్‌డిస్కులో అయస్కాంత పూత ఉన్న పళ్లేలు నిమిషానికి 5400 చుట్లో, 7200 చుట్లో తిరుగుతుంటాయి. చదివే హెడ్డు వాటిని తాకదు, కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. తలవెంట్రుక మందమే 50 వేల నానోమీటర్ల పైచిలుకు. కాపీ అవుతుండగా డిస్కును ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి లాగావంటే హెడ్డు పళ్లేన్ని గీకెయ్యొచ్చు. ఎజెక్ట్ కొట్టి, కేబులు పీకి, తిరగడం ఆగేదాకా పదిహేను సెకన్లు ఉండి, అప్పుడు ఎత్తు. టక్‌టక్‌మని చప్పుడొస్తే వెంటనే ఆపెయ్. మూత తీసి చూద్దామనుకోకు, ఒక్క దుమ్ము కణం చాలు దాని పని పట్టడానికి.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. సన్నటి గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి పెడుతుంది. రాసినదాని మీద మళ్లీ రాయడం దానికి కుదరదు, ముందు ఆ బ్లాకంతా చెరపాలి. అందుకే నిండేకొద్దీ నత్తనడక. అయిదో వంతు ఖాళీగా ఉంచు. చెరిపినప్పుడల్లా గదులు కొంత అరుగుతాయి. డబ్బా మీద టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో) అని వేసేది ఆ అరుగుదల లెక్కే. అరిగిపోయినదాన్ని కరెంటు తగలకుండా నెలల తరబడి బీరువాలో పెడితే చార్జి కారిపోతుంది, వేడికి ఇంకా తొందరగా. మన రోహిణీ కార్తె ఎండలు నీకు చెప్పాలా!

అందుకని ఎడిటింగుకి 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగం ఎక్కువుండే ఎస్‌ఎస్‌డీ రకం), దాచిపెట్టడానికి రెండు హార్డ్‌డిస్కులు కొను. ఒకటి స్టూడియోలో, రెండోది ఇంట్లో. 300 జీబీ పెళ్లి వీడియో సెకనుకి 150 ఎంబీ లెక్కన హార్డ్‌డిస్కు మీదికి ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది. అన్నట్టు, 1 టీబీ కొంటే విండోస్‌లో 931 చూపిస్తుంది. షాపువాడితో తగువు పడబోకు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో.

నెలకోసారి డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో హార్డ్‌డిస్కు 05 (పాడై పక్కన పెట్టిన చోట్లు), సీ5 (పాడయ్యేలా ఉన్న చోట్లు) వరసలు చూడు. ‘రా వాల్యూస్’ గడిలో సున్నా ఉండాలి. సీ5 పెరుగుతుంటే ఆ రోజే కాపీ తీసేసుకో. సీ7 (కేబులులో వచ్చిపోయేటప్పుడు పడే తప్పుల లెక్క) ఒక్కటే పెరిగితే ముందు కేబులు మార్చి చూడు, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీని అంత నమ్మలేం. నిన్నటిదాకా బాగుండి, పొద్దున్నే కంప్యూటరుకి కనపడకుండా పోతుంది.

కెమెరా కార్డును రెండు కాపీలూ తెరిచి చూశాకే ఫార్మాట్ చెయ్, అదీ కెమెరాలోనే. పొరపాటున ఫొటోలు చెరిపేశావా, ఇక ఒక్క ఫొటో కూడా దాంట్లో తియ్యొద్దు. చెరిగేది పట్టికలో పేరే, బొమ్మ చాలామటుకు అట్టనే ఉంటుంది. దాని మీద కొత్తది పడితేనే పోయేది. ఆ కార్డు తీసి జేబులో వేసుకుని, కెమెరాలో ఇంకోటి పెట్టు.

మీ పెదనాన్న