సీసాకు ముసుగు వేసి పోయండి

చిరంజీవి రఘుకు,
మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగింది రెండు మాటల్లో తేలే విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. నెలకొకసారి ఆరుగురు స్నేహితులు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మీ ఇంట్లో చేరి, రోజూ దుకాణంలో కనిపించేవి కాకుండా అరుదైన మద్యాలు తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి రుచి చూడాలనుకుంటున్నామన్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. మీ అమ్మకు కూడా చెప్పు. తాగి పడిపోవడానికి చేరే గుంపు వేరు, రుచి తెలుసుకోవడానికి కూర్చునే నలుగురు వేరు. ఆ తేడా అక్కయ్యకు నేను వివరిస్తాను.

ముప్పయ్యేళ్లు నా ఉద్యోగం కాఫీ రుచి చూడటమే కదా. పొద్దున్నే బల్లమీద వరుసగా కప్పులు ఉండేవి. ఏ కప్పులో చిక్కమగళూరు గింజ ఉందో, దేనిలో కొడగు గింజ ఉందో మాకు చెప్పేవారు కాదు. కప్పు అడుగున ఒక అంకె ఉండేది, అంతే. చెంచాతో తీసి, చప్పుడయ్యేలా గాలితో కలిపి జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మి, రాసుకోవాలి. మద్యానికీ ఇదే పద్ధతి. ఉమ్మడానికి ఎవరూ సిగ్గుపడవద్దు. వైన్ రుచి చూడటమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఉమ్మకపోతే పూట గడవదు. ప్రతివారి ముందూ ఒక స్టీలు గిన్నె పెట్టు.

ఇంత తెలిసిన నేను ఇంట్లో మాత్రం పొరపాటు చేశాను. సుమారు ఇరవయ్యేళ్ల కిందట మల్లేశ్వరంలో అయిదుగురం మొదటిసారి కూర్చున్నాం. ఒక మిత్రుడు ఒక్కొక్కరి ముందు రెండేసి గ్లాసులు పెట్టి, ఎడమది పద్దెనిమిదేళ్ల స్కాచ్ అనీ, కుడిది మామూలు సరుకు అనీ చెప్పాడు. ఎడమ గ్లాసులో నాకు తేనె తగిలింది, ఎండుద్రాక్ష తగిలింది. కుడిది గొంతులో గీరుకుంది. మిగతా ముగ్గురూ అదే మాట అన్నారు. రెండూ ఒకే సీసాలోంచి పోసినవి. ఎస్టేటు పేరు తెలిస్తే నాలుక దారి తప్పుతుందని రోజూ కొత్తవాళ్లకు నేర్పే నేను, ఖరీదైన పేరు చెవిన పడగానే లేని తేనెను రుచి చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి మా బల్లమీదికి ముసుగు లేని సీసా రాలేదు.

ముసుగు అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. మెడ వరకు పాత వార్తాపత్రిక చుట్టి రబ్బరు బ్యాండు వేసి, పైన అంకె రాయండి. సీసా ఆకారం చూసినా పట్టేస్తారు కనుక, చుట్టినవారు మరో గదిలో పోసి గ్లాసులే తేవడం ఇంకా మంచిది. పోసిన తరువాత పది నిమిషాలు ఎవరూ నోరు విప్పకూడదు. ముందు కాగితం మీద రాయాలి. ఒకరు 'పనసతొన' అన్నారంటే మిగతా అయిదుగురికీ పనస వాసనే వస్తుంది, అది మనిషి స్వభావం. రెండు మూడు నెలలు గడిచాక మూడు గ్లాసుల పరీక్ష పెట్టుకోండి. రెండింటిలో ఒకే మద్యం, మూడోదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. వినడానికి తేలికగా ఉంటుంది కానీ దగ్గరి రకాలు తీసుకుంటే చాలా కష్టం. నాలుకకు అంతకన్నా మంచి వ్యాయామం నాకు తెలియదు.

ఇక కొలత. ఘాటు మద్యాలు మనిషికి పదిహేను మిల్లీలీటర్లు చాలు. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూతతో కొలవండి. నాలుగు రకాలు పూర్తిగా మింగినా అరవై, అంటే ఒక పెద్ద పెగ్గు. ఆరుగురికి ఒక్కో రకం తొంభై మిల్లీలీటర్లు అవుతుంది కనుక క్వార్టర్ సీసా (180 మిల్లీలీటర్లు) రెండు సమావేశాలకు వస్తుంది. ఖరీదైన ఫుల్ బాటిల్ (750 మిల్లీలీటర్లు) కొన్నా యాభై పోతలు వస్తాయి, ఖర్చు పంచుకుంటే ఎవరికీ భారం కాదు. ఒక పూటకు నాలుగు రకాలకు మించవద్దు. అయిదోది నాలుకకు తెలియదు.

గ్లాసు మూతి లోపలికి ముడుచుకుని ఉండాలి. దాన్ని ఒక్కసారిగా ముక్కుకు ఆనించవద్దు, మన సీసాల మీద సాధారణంగా కనిపించే 42.8 శాతం ఆల్కహాల్ ముక్కును మొద్దుబారుస్తుంది. గడ్డం దగ్గర మొదలుపెట్టి, నోరు కొద్దిగా తెరిచి, మెల్లగా పైకి తెండి. ఒకసారి వాసన చూశాక చిన్న చెంచాడు నీళ్లు కలిపి మళ్లీ చూడండి, మొదట దాగి ఉన్నవి బయటికి వస్తాయి. ఐసు వేస్తే వాసన చచ్చిపోతుంది. ఆ పూట ఇంట్లో అగరుబత్తి వెలిగించవద్దు, తాలింపు పెట్టవద్దు. మిర్చి బజ్జీలు, ఆవకాయ చివరన తినండి. మధ్యలో మరమరాలూ మంచినీళ్లూ చాలు.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది రుచులకు పేర్లు పెట్టడం గురించి. మీ తరం పిల్లలు పుస్తకాల్లో చూసి బ్లాక్‌బెర్రీ, గూస్‌బెర్రీ అని రాసుకుంటారు. వాటిని ఎప్పుడైనా తిన్నారా? ఉగాది పచ్చడి తిని పెరిగినవాడివి నువ్వు. ఎర్ర వైన్ తాగితే నాలుక బిగుసుకుని ఎండిపోయినట్టయ్యే గుణం టానిన్ అనే పదార్థం వల్ల వస్తుందని పుస్తకాలు వివరిస్తాయి. మనకు ఆ గుణం వగరు, షడ్రుచుల్లో ఒకటి. మామిడి పిందె కొరికినవాడికి దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. తాటిబెల్లం, నేరేడు, సాంబ్రాణి పొగ, తడిసిన గోనెసంచి, మాగిన అరటిపండు, వాము అని రాయండి. తడబడినా సొంత జ్ఞాపకంలోంచి వచ్చిన మాట రాయండి. ఏడాది తరువాత ఆ కాగితం తీసి చదివితే ఆ గ్లాసు మళ్లీ నోట్లోకి వస్తుంది.

మొదటి నెల మన ఊరి సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ, పెట్టుకోండి. అమృత్ డిస్టిలరీస్ 1948లో బెంగళూరులోనే మొదలైంది. వాళ్ల సింగిల్ మాల్ట్ 2004లో తొలిసారి అమ్మకానికి వెళ్లింది స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు, అంటే స్కాచ్ పుట్టింటికే! స్కాట్లాండ్ గిడ్డంగుల్లో పీపాలలోంచి ఏడాదికి నూటికి రెండు పాళ్లు ఆవిరైతే, ఇక్కడి వేడికి పది, పన్నెండు పాళ్లు పోతాయి. దాన్ని దేవతల వాటా అంటారు. ఆ వేడికే మద్యం పీపా చెక్కలోకి త్వరగా చొచ్చుకుపోయి, నాలుగైదేళ్లలోనే నిండు రంగు, నిండు రుచి తెచ్చుకుంటుంది. మొదటి గ్లాసులో వాళ్ల మామూలు సింగిల్ మాల్ట్ పోయండి. రెండోదానిలో ఫ్యూజన్, అంటే మన బార్లీతో పాటు పీట్ (చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టి) పొగ పట్టిన స్కాట్లాండ్ బార్లీ కలిపి చేసినది. మూడోదానిలో స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపపు విస్కీ, ఆర్డ్‌బెగ్ గానీ లఫ్రోయిగ్ గానీ. పొగ లేనిది, కొంచెం ఉన్నది, నిండా ఉన్నది, ఈ వరుస తప్పవద్దు. పొగది ముందు తాగితే మిగతావి నీళ్లలా ఉంటాయి. మూడోదాన్ని ఒకరు ఆసుపత్రి వాసన అంటారు, ఇంకొకరు కుంపటి అంటారు. ఇద్దరిదీ నిజమే.

వైన్ నెలలో మన బెంగళూరు పక్కనున్న నంది హిల్స్ దగ్గర 1988లో మొదలైన గ్రోవర్ వారి లా రిజర్వ్ అనే ఎర్ర వైన్ తీసుకోండి. కాబర్నే సోవిన్యో, షిరాజ్ ద్రాక్షల కలయిక అది. పక్కన నాసిక్ వైన్ ఒకటి, విదేశీది ఒకటి. మార్కెట్లో బెంగళూరు బ్లూ ద్రాక్ష ఒక గుత్తి కూడా కొనండి. ముందు ఆ ద్రాక్ష తొక్కను ఒక్కదాన్నే బాగా నమిలి, తరువాత వైన్ గుక్క తీసుకోండి. వగరు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. ఎర్ర వైన్‌ను మన గది వేడిలో అలాగే పోయవద్దు, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి.

బీరు గురించి మీకే ఎక్కువ తెలుసు, 2010లో ఇందిరానగర్‌లో టాయిట్ అనే, బీరు తనే కాచుకునే పబ్బు తెరిచిన తరువాతి తరం మీది. గోధుమ బీరులో తగిలే అరటిపండు, లవంగం వాసనలు ఎవరూ కలిపినవి కావు, బీరును పులియబెట్టే ఈస్ట్ ఇచ్చినవి. ఇది ఒక్కటి స్నేహితులకు చెప్పు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వింత మద్యాల నెల. మెక్సికోవాళ్ల మెజ్‌కాల్ అగేవ్ నుంచి వస్తుంది, అంటే మన రైలుకట్టల పక్కన పెరిగే కిత్తనార జాతి. దాని గుండెకాయలాంటి దుంపను నేలగుంతలో కాల్చడం వల్ల పొగ వాసన పడుతుంది. చైనావాళ్ల బైజ్యూ ఎక్కువగా జొన్నలతో చేస్తారు. గోవా ఫెనీ జీడిమామిడి పండుతో చేసేది, 2009లో భౌగోళిక గుర్తింపు పొందింది. మొదటి బట్టీలో దిగేది ఉర్రాక్, ఎండాకాలంలోనే దొరుకుతుంది. మళ్లీ కాస్తే ఫెనీ. దాని వాసనకు చాలామంది మొహం తిప్పుకుంటారు. మీ జట్టులో పలాస వైపు నుంచి వచ్చినవారుంటే వాళ్లకే ముందు ఇవ్వు. తోటలో రాలి మాగిన జీడిపండ్ల వాసనను వాళ్లు గుర్తుపడతారు, వాళ్ల ముఖం చూసి మిగతావాళ్లు ధైర్యం చేస్తారు. విదేశాల నుంచి వచ్చే స్నేహితులు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తేవచ్చు కనుక మెజ్‌కాల్, బైజ్యూ వాళ్లకు ముందే చెప్పుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండివాడిని. ఎవరైనా అడవి ఊరినుంచి ప్లాస్టిక్ డబ్బాలో ఇప్పసారా తెచ్చానంటే, ఎంత ఆప్తులైనా దాన్ని బల్లమీద పెట్టనివ్వవద్దు. ఇప్పపువ్వు మీద నాకు గౌరవం ఉంది, గోండుల పూజలో దానికి ఉన్న స్థానం తెలుసు. కానీ సారాలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిస్తే ముక్కుకూ తెలియదు, నాలుకకూ తెలియదు. చూపు పోతుంది, ప్రాణం పోతుంది. 1981లో ఈ బెంగళూరులోనే కల్తీ సారాకు మూడు వందల మందికి పైగా చనిపోయారు. చీటీ, సీలు ఉన్న సీసాయే ఇంట్లోకి రావాలి. మందులు వాడేవారినీ, వద్దన్నవారినీ బలవంతం చేయకు. తాగనివారిని కూడా పిలువు. వాసన చూసి రాయడానికి తాగనక్కర్లేదు, ఆ పూట వాళ్ల ముక్కే అందరికన్నా చురుకుగా ఉంటుంది. బండి తాళాలు వచ్చినప్పుడే తీసి నీ బీరువాలో పెట్టు. అందరూ మెట్రోలోనో ఆటోలోనో వెళ్లాలి.

వచ్చే నెల రెండో ఆదివారం అన్నావు కదా, నేనూ వస్తాను. సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి నాలుగు గంటలకల్లా మీ ఇంట్లో ఉంటాను. సీసాలు నువ్వు కొని ఉంచు, ఎవరికీ చూపించకు. పాత పత్రికలు, రబ్బరు బ్యాండ్లు, గీతల మూతలు ఆరు నేను తెస్తాను. గ్లాసులు మాత్రం సబ్బు వాసన పోయేలా వేడినీళ్లతో రెండుసార్లు కడిగి బోర్లించు.

ఇట్లు,
మామయ్య