మొదటి రేసుకు ముందు విడిభాగాలు కాదు, స్క్రూడ్రైవర్ కావాలి

పాఠకుల ప్రశ్నలు – రేడియో కంట్రోల్ బండ్లు

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. ట్రాక్సస్ స్లాష్ టూ వీల్ డ్రైవ్ ట్రక్కు కొనిచ్చాం. బ్రష్‌డ్ మోటారు, ఎక్స్‌ఎల్-5 స్పీడ్ కంట్రోలర్ ఉన్న రకం. వచ్చే నెల దగ్గర్లోని మట్టి ట్రాక్‌లో వాడి మొదటి రేసు. పెట్టెలోంచి తీసి నేరుగా పట్టుకెళ్లొచ్చా? అల్యూమినియం ఆర్మ్‌లు (చక్రాన్ని బండికి కలిపే చేతులు), పెద్ద మోటారు వేయమని కొందరు చెబుతున్నారు.
– ఒక తండ్రి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు ట్రాక్ నడిపే క్లబ్బుకు ఫోన్ చేసి ఏయే రేసు తరగతులు, అంటే ఒకే రకం బండ్ల పోటీలు, నడుపుతున్నారో అడగండి. 2008లో స్లాష్ వచ్చాక అమెరికాలో చాలా ట్రాకులు దాన్ని కొన్నది కొన్నట్టు నడిపే తరగతి పెట్టాయి. కొత్తగా వచ్చే పిల్లలకు అదే సరైన చోటు. మోటారు మార్చారంటే ఆ తరగతిలో మీవాడికి చోటు ఉండదు. ఇంకా వేగంగా పోయే బ్రష్‌లెస్ మోటారు బండ్లు నడిపే అనుభవజ్ఞుల మధ్య పడతాడు. అల్యూమినియం ఆర్మ్‌ల సంగతి: ప్లాస్టిక్ ఆర్మ్ దెబ్బకు వంగి మళ్లీ మామూలుగా అవుతుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేదా ఆ దెబ్బను లోపలి భాగానికి పంపి దాన్ని విరగ్గొడుతుంది.

అయినా నేరుగా పట్టుకెళ్లడం మాత్రం వద్దు. కొత్త బండిని ఎవరో ఫ్యాక్టరీలో గబగబా బిగించారు. అందులో నాలుగైదు చోట్లు తప్పకుండా చూసుకోవాలి. 1.5 మి.మీ., 2 మి.మీ., 2.5 మి.మీ. హెక్స్ (ఆరు పలకల) డ్రైవర్లు, 7 మి.మీ. నట్టు స్పానర్, నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చాలు.

మొదట పినియన్. మోటారు ఇరుసు మీద ఉండే చిన్న పళ్లచక్రం అది. దాని పక్కనున్న చిన్న స్క్రూ ఇరుసు మీద చదునుగా కోసిన భాగానికి ఎదురుగా ఉండాలి. గుండ్రటి వైపు బిగిస్తే ఎంత బిగించినా జారుతుంది. స్క్రూ తీసి, ఒక్క చుక్క థ్రెడ్‌లాక్ పెట్టి మళ్లీ బిగించండి. మోటారును పట్టుకునే రెండు స్క్రూలకూ అంతే. థ్రెడ్‌లాక్ లోహం లోహంలోకి వెళ్లే చోటే వాడాలి. ప్లాస్టిక్‌కు తగిలితే అది పెళుసెక్కి పగులుతుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూలు బిగువు తగిలేదాకా తిప్పి ఆపండి. ఇంకో పావు తిప్పు తిప్పితే మర పోతుంది.

తర్వాత ఆ పినియన్‌కూ పెద్ద చక్రానికీ, అంటే స్పర్‌కూ మధ్య సందు. నోటుబుక్కు కాగితం సన్నటి ముక్క రెండింటి పళ్ల మధ్య పెట్టి, మోటారును దానిమీదికి నొక్కి స్క్రూలు బిగించండి. కాగితం తీశాక స్పర్‌ను వేలితో అటూ ఇటూ కదిపితే కనీకనిపించనంత ఆట, అంటే వదులు కదలిక, ఉండాలి. చక్రం ఒక పూర్తి చుట్టు తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. కొన్ని స్పర్లు కాస్త వంకరగా తిరుగుతాయి, అందుకే ఒకచోట సరిపోయింది మరోచోట బిగుస్తుంది. సందు ఎక్కువైతే పళ్లు అరిగిపోతాయి. తక్కువైతే మోటారు వేడెక్కుతుంది. 19 పళ్ల పినియన్, 86 పళ్ల స్పర్‌తో వచ్చిన ఈ బండికి మొదటి రేసులో అదే నిష్పత్తి ఉంచండి.

ముందు చక్రాలు చాలామంది చూడరు. టూ వీల్ డ్రైవ్ స్లాష్‌లో ముందు చక్రం లోపలే బేరింగులుంటాయి. నట్టు అతిగా బిగిస్తే అవి నలిగి చక్రం వెంటనే ఆగిపోతుంది. వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది. వేలితో తోస్తే చాలాసేపు తిరగాలి, పట్టుకుని ఊపితే ఆట ఉండకూడదు. ఆ రెండింటి మధ్య నట్టు ఆపాలి. అసలు టైరు కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి: ఈ బండికి ముందు చక్రం వేరు, వెనక చక్రం వేరు. వెనకది ఇరుసు మీదుండే 12 మి.మీ. హెక్స్ (ఆరు పలకల ముక్క) మీద కూర్చుంటుంది.

టైరు అంచును బొటనవేలితో రిమ్ము నుంచి బయటికి లాగుతూ చుట్టూ చూడండి. ఎక్కడైనా ఊడితే ఆ సందులో పల్చటి సూపర్‌గ్లూ చుక్క వేసి, కదలకుండా కాసేపు పట్టుకోండి. మలుపులో టైరు ఊడిపోతే రేసు అక్కడితో అయిపోయినట్టే.

షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు: ఫ్యాక్టరీలో నింపినవాటిలో తరచూ గాలి ఉండిపోతుంది. ఒక్కొక్కదాన్ని ఆర్మ్ నుంచి విప్పి, స్ప్రింగు తీసి, నెమ్మదిగా నొక్కి చూడండి. బుడబుడమంటే గాలి ఉన్నట్టు. మూత విప్పి, 30 నంబరు సిలికాన్ నూనె నిండుగా పోసి, కడ్డీని మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగండి. కడ్డీ సగం లోపలికి పెట్టి మూత బిగించండి. ముందు రెండూ ఒకేలా, వెనక రెండూ ఒకేలా కదలాలి. పోల్చి చూడడమే అసలు పని, నూనె నంబరు మార్చడం కాదు. ట్రాక్ చూశాకే ఆ సంగతి.

ఇక మోడ్, అంటే స్పీడ్ కంట్రోలర్ బండిని నడిపే తీరు. ఎక్స్‌ఎల్-5 మీదున్న బటన్ నొక్కి పట్టుకుంటే ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు వెలుగుతాయి. ఆ తర్వాత ఎర్ర లైటు మెరవడం మొదలవుతుంది. ఒక్కసారి మెరిసినప్పుడు వదిలితే స్పోర్ట్, రెండుసార్లకు రేస్, మూడుసార్లకు ట్రైనింగ్. ట్రైనింగ్‌లో ముందుకూ వెనక్కూ సగం శక్తే ఉంటుంది. రేస్ మోడ్‌లో రివర్స్ ఉండదు, బ్రేకు మాత్రం పూర్తిగా ఉంటుంది. మీవాడు మొదటి బ్యాటరీ అంతా ట్రైనింగ్ మోడ్‌లో తిప్పితే చాలా లాభం. కొత్త మోటారు బ్రష్‌లు మెల్లగా అరిగి కమ్యుటేటర్‌కు (మోటారులో అవి రాసుకునే తిరిగే భాగానికి) సరిపడతాయి, పిల్లాడికి ట్రాక్ దారి అలవాటవుతుంది. రేసుకు మాత్రం రేస్ మోడ్ పెట్టండి. గోడకు ఇరుక్కుంటే ట్రాక్ పక్కన నిలబడే మార్షల్ చేతితో తీస్తాడు.

మార్షల్ అంటే గుర్తొచ్చింది: చాలా క్లబ్బుల్లో తన రేసు అయిపోయాక తర్వాతి రేసుకు ప్రతి ఒక్కరూ ట్రాక్ పక్కన నిలబడి, తిరగబడిన బండ్లను నిలబెట్టాలి. మీవాడికి ముందే చెప్పండి. చిన్నవాడైతే మీరూ పక్కన నిలబడండి.

వెంట తీసుకెళ్లాల్సిన విడిభాగాలు: ముందు ఆర్మ్‌లు ఒక జత, ఒక స్పర్ చక్రం, నాలుగైదు బాడీ క్లిప్పులు, చక్రాల నట్లు కొన్ని. మిగతావి విరిగాక కొనొచ్చు.

ప్రశ్న: ప్రాక్టీసులో గ్యాస్ (రిమోట్‌లో వేగం పెంచే ట్రిగ్గర్) నొక్కగానే మోటారు గోలచేస్తోంది, ట్రక్కు మాత్రం మెల్లగా కదులుతోంది. కాసేపటికి కాలిన వాసన. మోటారు పోయిందా?
– డాలస్

జవాబు: మోటారు తిరుగుతూ బండి కదలట్లేదంటే స్లిప్పర్ క్లచ్ వదులుగా ఉన్నట్టు. అది స్పర్ చక్రం దగ్గర స్ప్రింగుతో నొక్కి ఉంచిన క్లచ్. బండి ఎగిరి గ్యాసు నొక్కి ఉన్న చక్రాలతో నేలకు తగిలినప్పుడు జారి, ఆ దెబ్బ గేర్లకు చేరకుండా ఆపుతుంది. అతిగా జారితే వేడెక్కి స్పర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. మీరు చెప్పిన వాసన బహుశా అదే. స్పర్ విప్పి, మధ్యభాగం కరిగి ఉంటే మార్చేయండి.

సర్దే పద్ధతి: స్ప్రింగు పూర్తిగా నొక్కుకునేదాకా నట్టు కుడివైపు తిప్పండి. అక్కడి నుంచి సగం తిప్పు నుంచి ఒక తిప్పు వరకు వెనక్కి వదలండి. ట్రాక్ మీద పట్టున్న చోట నిలిపి ఒక్కసారిగా పూర్తి గ్యాస్ ఇవ్వండి. ఒకటి రెండు అడుగులు జారే శబ్దం వచ్చి ఆగాలి. అంతకంటే ఎక్కువ జారితే ఎనిమిదో వంతు తిప్పు బిగించండి. అసలు జారకుంటే అంతే వదలండి. పూర్తిగా బిగించి వదిలేస్తే వాసన రాదు, కానీ దూకిన ప్రతిసారీ డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్లు) మీద దెబ్బ పడుతుంది.

టకటక శబ్దం వస్తుంటే అది స్లిప్పర్ కాదు, పినియన్ జారడం లేదా పళ్లు ఎగరడం. మొదటి జవాబులో చెప్పిన కాగితం పని చేయండి.

ప్రశ్న: దూకినప్పుడు ముక్కు పైకి లేచి బండి వెనక్కి పడిపోతోంది.
– ఆస్టిన్

జవాబు: గాల్లో గ్యాస్ నొక్కితే ముక్కు లేస్తుంది, బ్రేకు నొక్కితే దిగుతుంది. చక్రాలు ఒక దిక్కు వేగంగా తిరగడం మొదలుపెడితే బండి ఎదురుదిక్కు తిరుగుతుంది. చాలామంది అంచు దాటాక కూడా గ్యాస్ పట్టుకునే ఉంటారు. గాల్లోకి లేవగానే వేలు వదిలి, అవసరమైతే బ్రేకును ఒక్కసారి తట్టండి.

రెండో కారణం బాడీ. స్లాష్ లాంటి షార్ట్ కోర్స్ ట్రక్కుల లెక్సాన్ (పల్చటి ప్లాస్టిక్) బాడీ ముందునుంచి వచ్చిన గాలిని కింద పట్టేసుకుంటుంది, గొడుగులా పైకి ఎత్తుతుంది. వెనక ట్రే అడుగునా చక్రాల వెనక పక్కలా రంధ్రాలు కోస్తే గాలి బయటికి పోతుంది. పదునైన కత్తితో గీసి విరవకండి, గుండ్రటి మూలలతో బాడీ కత్తెరతో కోయండి. మూల పదునుగా ఉంటే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. పగిలే చోట లోపలివైపు గోడలకు వేసే జాలీ టేపు, షూ గ్లూ పెట్టి ఆరనివ్వండి. ముందు క్లబ్బు నియమాలు చూసుకోండి, కొన్ని తరగతుల్లో కోతకు హద్దులుంటాయి.

ప్రశ్న: అమెరికా నుంచి మా తమ్ముడు ట్రక్కు, రెండు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు, ఛార్జర్ తెస్తున్నాడు. విమానంలో రానిస్తారా? ఎండాకాలంలో నడపొచ్చా?
– సికింద్రాబాద్

జవాబు: విడి లిథియం బ్యాటరీలు చెకిన్ లగేజీలో పెట్టకూడదు, చేతిసంచిలోనే తేవాలి. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. 7.4 వోల్టుల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 37 వాట్-అవర్లే. కనెక్టర్ల మీద టేపు అంటించి, ఒక్కొక్కటీ విడి సంచిలో పెట్టమనండి. ప్రయాణానికి ముందు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలపమనండి, నిండా ఛార్జి చేసి తేవద్దు. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడమనండి. 110 అని మాత్రమే ఉంటే మన 230కి తగిలిన క్షణమే కాలిపోతుంది.

లిపో వాడేటప్పుడు ఎక్స్‌ఎల్-5 మీద లైటు ఆకుపచ్చగా ఉండాలి. ఎర్రగా ఉంటే తక్కువ వోల్టేజి రక్షణ ఆపేసి ఉన్నట్టు. అలా నడిపితే బ్యాటరీ ఉబ్బుతుంది. 5000 ఎంఏహెచ్‌కు 5 ఆంపియర్లు మించి ఛార్జి పెట్టకండి. ఛార్జి అవుతున్నంతసేపూ మనిషి దగ్గరుండాలి.

ఎండలో నడపొచ్చు గానీ ఒక్కో విడత ఐదారు నిమిషాలు చాలు. ఆపాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు చూడండి. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే పినియన్ ఒక పన్ను తగ్గించండి. నీళ్లతో కడిగితే బేరింగుల్లో తడి నిలిచి తుప్పు పడుతుంది. ఎర్రమట్టిని ఆరనిచ్చి, బ్రష్షుతో దులిపి, ముందు చక్రాల బేరింగుల్లో ఒక్కో చుక్క పల్చటి నూనె వేయండి.