టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ వసంతం మొదట్లో ప్రకృతి ఫొటోలు తీయడం కుదురుతుందా?

మీ ప్రశ్న ఇది: ఈ సీజన్ నుంచి స్కైడైవింగ్ టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్‌గా, అంటే ప్యాసింజర్‌ని తనకు కట్టుకుని విమానం నుంచి దూకే శిక్షకుడిగా, చేరుతున్నారు, చలి తగ్గీ తగ్గని రోజుల్లో పూలు, పక్షులు, పొగమంచు ఫొటోలు తీయడం ఇష్టం, డ్యూటీ రోజునే కెమెరా కూడా తెచ్చుకోవచ్చా, ఎప్పుడు బయటికి తీయాలి?

తెచ్చుకోండి. కాకపోతే గాలి నెమ్మదిగా, ఆకాశం తేటగా ఉన్న గంట రిగ్‌ది, అంటే వీపుకు తగిలించుకునే పారాచూట్ సంచిది. జంప్‌లు ఆగిపోయిన గంట కెమెరాది. ఈ పంపకం మనసులో గట్టిగా పెట్టుకోకపోతే రెండూ చెడతాయి.

ఈ కాలంలో నేలకు ఎండ తగులుతుంది గానీ పైన గాలి ఇంకా శీతకాలపుదే. అందుకే పొద్దున ఆకు కదలకపోయినా, పదకొండు దాటేసరికి కింద వేడెక్కిన గాలి పైకి లేచి, పైనున్న వేగమైన గాలి కిందికి దిగి, గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, అటూ ఇటూ కొట్టుకుంటుంది. మంచి లోడ్లన్నీ (జంపర్లను పైకి తీసుకెళ్లే విమాన విడతలు) తెల్లవారాక మొదటి మూడు నాలుగు గంటల్లోనో, సాయంత్రం గాలి పడిపోయాకో వెళ్తాయి. ఫొటోలకు బంగారు వెలుగు ఉండేదీ అప్పుడే. ఆ వెలుగు మీద ఆశ పెట్టుకోకండి. పనిరోజున దొరికేది వెదర్ హోల్డ్, అంటే వాతావరణం బాగాలేక జంప్‌లు ఆపే సమయం, అది తక్కువదేం కాదు.

హోల్డ్ ఎంతసేపు ఉంటుందో ముందే అంచనా వేయొచ్చు. విమానాశ్రయ వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ బొట్లుగా మారే ఉష్ణోగ్రత) సెల్సియస్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఆ రెంటి తేడాను 400తో గుణిస్తే మేఘాల అడుగు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో సుమారుగా తెలుస్తుంది. 8, 5 ఉంటే తేడా 3, అంటే దాదాపు 1,200 అడుగులు. టాండెమ్ కానోపీ, అంటే పారాచూట్ గుడ్డ, తెరిచేది 5,000 అడుగులకు అటూ ఇటూ కాబట్టి ఆ మేఘం లేచేదాకా పని లేదు. తేడా గంటగంటకీ పెరుగుతోందా, అక్కడే ఉందా చూడండి. అక్కడే ఉంటే మాక్రో లెన్స్ తగిలించుకోవచ్చు. మానిఫెస్ట్‌లో (ఎవరు ఏ లోడ్‌లో వెళ్లాలో రాసే డెస్క్‌లో) చెప్పి, ఫోన్ మోగితే పది నిమిషాల్లో వచ్చేంత దూరంలోనే ఉండండి.

మబ్బు కిందికి దిగి గాలి లేని పూట పూలకు, నీటిబొట్లకు, నాచుకు, విల్లో మొగ్గలకు సరిపోయేది. నీడలు పదునుగా ఉండవు, తెల్ల రేకులు కాలిపోవు. 100 మిల్లీమీటర్ల మాక్రోతో ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య, షట్టర్ 1/250, ఐఎస్ఓ 400 నుంచి 1600 దాకా వెళ్లినా నష్టం లేదు. కాడ కొంచెం ఊగుతుంటే 1/500కి వెళ్లండి. చేయి వణుకుని లెన్స్ స్టెబిలైజర్ ఆపుతుంది గానీ పువ్వు ఊగడాన్ని ఆపలేదు. స్నోడ్రాప్ లాంటి తెల్లపువ్వు చీకటి నేల మీద ఉంటే కెమెరా మీటర్ నేలను చూసి ఎక్కువ వెలుగు ఇచ్చేస్తుంది, ఎక్స్‌పోజర్‌ను 0.7 స్టాప్ తగ్గించండి. ఫ్రేమంతా తెల్లమంచే అయితే దానికి తిరగేసి 0.7 నుంచి 1 పెంచాలి, లేదంటే మంచు బూడిదరంగులో వస్తుంది. క్రోకస్ పూల కోసం మాత్రం మబ్బుపూట వెళ్లొద్దు. చలికి, మబ్బుకి రేకులు ముడుచుకుంటాయి, ఎండ తగిలాకే విచ్చుకుంటాయి.

మేఘాలు లేకుండా గాలే ఎక్కువై హోల్డ్ పడితే పూలు వదిలేసి పక్షుల మీదికి వెళ్లండి. ఇక్కడ మీకు తెలిసిన విద్యే పనికొస్తుంది: పక్షులు కూడా మన కానోపీల్లాగే గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. విండ్‌సాక్ చూసి గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే అవి మీవైపు ముఖం పెట్టి వస్తాయి. సూర్యుడు కూడా వెనకే ఉంటే ఇంకేం కావాలి. 400 మిల్లీమీటర్ల లెన్స్, షట్టర్ 1/2000, కంటిన్యువస్ ఫోకస్. రన్‌వే మీదుగా అవతలి ఒడ్డున ఉన్న పక్షిని మాత్రం తీయకండి. గాలి చల్లగా ఉన్నా ఎండకు కాగిన తారు మీద ఆవిరిలా మెలికలు లేస్తుంటుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఈకలు అలుక్కుపోయినట్టే వస్తాయి. అది ఫోకస్ తప్పు అనుకుని లెన్స్ సర్వీసుకి పంపేవాళ్లున్నారు.

ఇక అసలు జాగ్రత్త. మొదటి లోడ్‌కి ముందు ఒక గంట మంచులో మోకాళ్లూని ఫొటోలు తీసి, అలాగే విమానం ఎక్కకండి. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పడుతుంది. కింద 6 ఉంటే 13,000 అడుగుల దగ్గర మైనస్ 20. ఆ చలిలో గంటకు 190 కిలోమీటర్ల గాలి ముక్కాలు నిమిషం పాటు తగులుతుంది. తడిసిన మోకాళ్ల సంగతి అటుంచి, వేళ్లు కిందే మొద్దుబారి ఉంటే పైన హ్యాండిల్ చేతికి తెలియదు. మొదటి లోడ్‌కి కనీసం అరగంట ముందే కెమెరా సర్దేసి, పొడి బట్టలు మార్చుకుని, చేతులు వేడి చేసుకోండి. గ్లవ్ తగినదో కాదో తెలుసుకోవడానికి, రిగ్ తగిలించుకుని కళ్లు మూసుకుని డ్రోగ్ రిలీజ్ (మెయిన్ పారాచూట్‌ను తెరిచేది), కట్‌అవే (చెడిన మెయిన్‌ను వదిలించేది), రిజర్వ్ (అత్యవసర పారాచూట్‌ను తెరిచేది) హ్యాండిళ్లను ఒక్కొక్కటీ తడిమి పేరు చెప్పండి. ఒక్కటి తడబడినా ఆ గ్లవ్ ఫొటోలకే, జంప్‌కి కాదు.

బురద చేతులతో ప్యాకింగ్ మ్యాట్ దగ్గరికి వెళ్లొద్దు. ఇసుక రేణువు కట్‌అవే కేబుల్ గొట్టంలోకి చేరితే లాగడం బరువెక్కుతుంది. ఈ నెలల్లో గడ్డి ఎప్పుడూ తడే కాబట్టి కానోపీ తడుస్తూనే ఉంటుంది. దాన్ని నీడలో, గాలి ఆడేచోట ఆరేయండి. ఎండలో వేస్తే తొందరగా ఆరుతుంది గానీ అతినీలలోహిత కిరణాలకు నైలాన్ బలం తగ్గుతుంది. తడిగడ్డి వల్ల లాండింగ్ కూడా జారుడే. ప్యాసింజర్‌కి కాళ్లు పైకెత్తి ముందుకు చాపడం విమానం ఎక్కకముందే రెండుసార్లు చేయించండి.

చాలామంది మరిచేది ఇంకొకటి. హోల్డ్ పడింది కదా అని రిగ్‌ను కారులోనే ఉంచుకుని దగ్గరి కొండ మీదికి ఫొటోలకు వెళ్లొస్తారు. ఏఏడీ, అంటే నిర్ణీత ఎత్తుకు దిగాక కూడా ఇంకా వేగంగా పడుతుంటే రిజర్వ్‌ను తనంతట తాను తెరిచే యంత్రం, తాను ఆన్ అయినచోటి గాలి పీడనాన్నే నేల మట్టంగా లెక్కిస్తుంది. రిగ్ డ్రాప్‌జోన్ (జంప్‌లు జరిగే మైదానం) దాటి వెళ్లొస్తే దాన్ని ఆపి, లాండింగ్ స్థలంలో మళ్లీ ఆన్ చేయాలి. అంతకన్నా మంచిది, రిగ్‌ను హ్యాంగర్‌లోనే వదిలి వెళ్లడం.

కెమెరా విషయానికొస్తే, చలికి లిథియం బ్యాటరీ సగం చార్జి ఉండగానే చచ్చినట్టు చూపిస్తుంది. ఒకటి కెమెరాలో, రెండు లోపలి జేబులో ఒంటికి ఆని ఉంచుకుని మార్చుకుంటూ వాడండి; చల్లబడింది వేడెక్కాక మళ్లీ పనిచేస్తుంది. వేడిగా ఉన్న ప్యాకింగ్ గదిలోకి వెళ్లేముందు, బయట ఉండగానే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. అప్పుడు తేమ కవర్ మీద పడుతుంది, లెన్స్ లోపల కాదు. ఒక గంట తెరవకూడదు కాబట్టి మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకోండి, లేదంటే ఫొటోలు చూడాలన్న ఆత్రం కవర్ తెరిపిస్తుంది.

గాలిలోంచి తీయడం గురించి మీరు అడగలేదు గానీ, ఎలాగూ అనిపిస్తుంది. టాండెమ్‌లో మణికట్టు మీద ప్యాసింజర్‌ని తీసే చిన్న కెమెరా తప్ప ఇంకేమీ వద్దు. సాయంత్రం మీ సొంత జంప్ దొరికితే ఎత్తులోనే కానోపీ తెరిచి, వైడ్ లెన్స్, షట్టర్ 1/1000, ఫోకస్ దూరానికి పెట్టి రింగు మీద టేపు అంటించి తీయండి. ఏటవాలు ఎండలో దున్నిన చాళ్ల నీడలు, పొలాల్లో నిలిచిన నీటి మెరుపు ఈ కొన్ని వారాలే కనపడతాయి. పైరు లేచాక అన్నీ పచ్చగా కలిసిపోతాయి. 3,000 అడుగుల పైనే ముగించండి. కిందికొచ్చేసరికి పైన గడ్డకట్టిన లెన్స్ మీద తేమ పడుతుంది, పైగా అక్కడి నుంచి మీ కళ్లు చుట్టూ ఉన్న కానోపీల మీదే ఉండాలి.

ఎయిర్‌ఫీల్డ్ అంచున కోయని గడ్డిలోకి ఈ నెలల్లో దిగొద్దు, స్కైలార్క్ లాంటి పక్షులు నేల మీదే గూడు పెడతాయి. కోసిన దారి మీదే ఉండండి. పక్షి మీ నెత్తిమీద అరుస్తూ తిరుగుతుంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. లాండింగ్ స్థలం దగ్గర ట్రైపాడ్ నిలబెట్టి వదలకండి, పడుకోబెట్టండి. మీరు అక్కడ ఉండగా ఎవరైనా దిగుతుంటే పరుగెత్తకుండా నిలబడ్డచోటే ఉండండి. కదలని మనిషిని తప్పించి వాళ్లు మలుపు తీసుకోగలరు, పరుగెత్తే మనిషి ఎటు వెళ్తాడో వాళ్లకి తెలియదు.