నడిచేది ఒకటే, ఖర్చు మాత్రం అయిదింటికి

ప్రశ్న: నా వయసు 47. ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు మూడేళ్లలో కాలేజీలో చేరతాడు. పాత గార్డెన్ ట్రాక్టర్లు (ఇంటి చుట్టూ గడ్డి కోసే చిన్న ట్రాక్టర్లు) కొని బాగుచేయడం ఆరేళ్లుగా నా సరదా. షెడ్డులో అయిదున్నాయి, నడిచేది మాత్రం ఒకటే. ఇప్పుడు 1960ల నాటి జాన్ డీర్ 110 ఒకటి బేరానికి వచ్చింది. ఇంజిన్ పట్టేసింది, అంటే పిస్టన్ కదలడం లేదు. ధర నా నెల జీతంలో మూడో వంతు. ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి కొందామనుకుంటున్నాను. పాత బండ్ల ధర పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇదీ ఒక పెట్టుబడే అని నా వాదన. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. అసలు కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో కొనే ధర ఉంది, పెట్టబోయే ఖర్చు లేదు. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాలన్నిటిలోనూ ఇదే వరస. బండి ధర పైసలతో సహా గుర్తుంటుంది. టైర్లు, బేరింగులు, పెయింటు ఎప్పుడు కొన్నారో, ఎంతకు కొన్నారో ఎక్కడా రాసి ఉండదు. అందుకని ముందు ఆ లెక్క వేద్దాం.

బండి ధర 100 అనుకోండి. అంటే మీ నెల జీతం 300. ఇంజిన్ పట్టేసింది కాబట్టి సిలిండర్ బోరింగు (లోపలి గోడను కొంచెం వెడల్పు చేసి నున్నగా కోయడం), కొత్త పిస్టన్, రింగులు, గాస్కెట్లు కలిపి 110 వేసుకుందాం. కార్బ్యురేటర్ కిట్టు, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సర్, కాయిల్ 40. నాలుగు టైర్లు, బ్యాటరీ 80. బేరింగులు, సీళ్లు, బెల్టులు 40. తుప్పు గీకించి పెయింట్ వేయించడం 70. ఇద్దరు మనుషులు ఎత్తగల బరువు కాదు కనుక రవాణాకు 20. ఈ అంకెలు ఉదాహరణకు నేను వేసుకున్నవే, మీ దగ్గర తేడా ఉండొచ్చు. కానీ వరస ఇంతే. పైఖర్చు 360 అయింది. ధరతో కలిపి 460. ఇంత చేశాక ఎవరైనా 300 ఇస్తానంటే అది మంచి బేరమే. చేతి చమురు 160 వదిలినట్టు. మీరు పడ్డ కష్టం ఇందులో కలపనేలేదు.

ఇక్కడే మీ ఆవిడ గెలిచారని అనుకోకండి. సరదాలకు జీతంలో అయిదు శాతం పక్కన పెడితే నెలకు 15 అవుతుంది. ఆ 360 ఖర్చు పెట్టడానికి సరిగ్గా 24 నెలలు పడుతుంది. రెండేళ్ల పాటు ఆదివారాలు హాయిగా గడిచాయి, చివరికి పోయింది 160. నెలకు 7 కూడా లేదు, జీతంలో రెండు శాతం పైచిలుకు. ఇంతకంటే ఎక్కువ పోయే సరదాలు చాలా ఉన్నాయి. ఒక్క బండితో ఆగే మనిషైతే నేను మారుమాట లేకుండా కొనుక్కోమంటాను.

కానీ మీ దగ్గర నడవనివి ఇప్పటికే నాలుగున్నాయి. ఇది అయిదోది. ఒక్కోదానికి అదే 360 వేసుకుంటే ఇంకా పెట్టాల్సింది 1,800. అంటే ఆరు నెలల జీతం. నెలకు 15 చొప్పున పెడుతూ పోతే పదేళ్లు. ఇప్పుడు కొనే బండి వరుసలో చివర నిలబడితే దాని వంతు వచ్చేసరికి మీకు 55 దాటుతుంది. వరుస తప్పించి ముందుకు తెస్తే మిగతా నాలుగూ ఇంకో రెండేళ్లు తుప్పు పడతాయి. ఆగి ఉన్న యంత్రం ఆగినట్టు ఉండదు. ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్ దారులు మూసుకుపోతాయి. టైర్ల పక్కగోడలు పగుళ్లిస్తాయి. సీళ్లు ఎండిపోతాయి. నిరుడు కొన్న బ్యాటరీ ఈ ఏడాదికి చచ్చి ఉంటుంది.

ఈ మాట నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. నేనూ మీ బాపతే. ఒక పాత మోటార్ సైకిల్ విప్పి, భాగాలన్నీ సంచుల్లో కట్టి, పేర్లు తర్వాత రాయొచ్చులే అనుకున్నాను. ఆ ‘తర్వాత’ రెండేళ్లయింది. ఒకే గాస్కెట్ సెట్టు మూడుసార్లు కొన్నాను. మొదటిది దొరక్క రెండోది, రెండోదీ దొరక్క మూడోది. బండి అమ్మేసిన వారానికి మూడూ ఒకే డబ్బాలో దొరికాయి. డబ్బు లెక్కలు చెప్పి బతికేవాడి ఇంట్లో పరిస్థితి ఇది!

ఇక పెట్టుబడి అన్న మాట. కొన్ని బండ్లకు ధర పెరుగుతుంది, కాదనను. జాన్ డీర్ 110 1963లో మొదటిసారి వచ్చింది. ఆ ఏడాదివి 7 హార్స్‌పవర్, మరుసటి ఏడాది నుంచి 8. గుండ్రటి ఫెండర్ల (మడ్‌గార్డుల) తొలి బండ్లంటే సేకరించేవాళ్లు చెవి కోసుకుంటారు. 1969 నుంచి 1971 వరకు అదే కంపెనీ తెల్లటి బండికి ఎరుపు, నారింజ, పసుపు, నీలం బానెట్లూ సీట్లూ పెట్టి అమ్మింది. అసలు రంగుతో మిగిలినవి తక్కువ కాబట్టి వాటి బేరం వేరు. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తెచ్చిన మొదటి కబ్ క్యాడెట్‌కూ అలాంటి గిరాకీయే. కానీ గిరాకీ ఉండేది అసలు రంగుకు, అసలు భాగాలకు, సీరియల్ నంబరుకు. మీరు ఇసుక చిమ్మించి పెయింట్ గీకించిన రోజున ఆ విలువలో కొంత ఇసుకతో పాటే పోతుంది. మీకు వచ్చిన 110 ఏ సంవత్సరందో మీరు రాయలేదు. పెట్టుబడి అనేవాళ్లు ముందు చూసేది అదే కదా.

పైగా పెట్టుబడికి ఉండాల్సిన లక్షణం ఇంకోటి ఉంది. కావాలన్న రోజున అమ్ముకోగలగాలి. పెద్దవాడి ఫీజు సోమవారం కట్టాలంటే శనివారం నాడు ట్రాక్టర్ అమ్ముడుపోదు. తీసుకెళ్లడానికి ట్రెయిలర్ ఉన్నవాడు రావాలి, వచ్చినవాడికి ఆ మోడల్ మీదే మోజు ఉండాలి. అవసరం మీది అని తెలిస్తే ధర వాడు చెప్పినంతే. అందుకే మీ ఆస్తుల పట్టికలో షెడ్డు ఎదురుగా నేను సున్నా వేస్తాను. ఎప్పుడైనా డబ్బొస్తే సంతోషం, అంతే.

ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ ముట్టుకోకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉందా లేదా మీరు రాయలేదు. లేకపోతే ఆ డిపాజిట్టే మీ అత్యవసర నిధి. ఉంటే అది పెద్దవాడి కాలేజీ డబ్బు. ఎటు చూసినా ట్రాక్టర్‌ది కాదు. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడేది అదనం. అప్పు చేసి కొనడం గురించి మీరు అడగలేదు కాబట్టి నేనూ ఎత్తను.

మరి డబ్బు ఎక్కడిది? షెడ్డులోనే ఉంది. నడవని నాలుగింటిలో మీరు నిజంగా చేసేది ఏది? ఒక్కటి చెప్పండి. మిగతా మూడింటిలో రెండు అమ్మకానికే. ఈ లోకంలో ఒక చిత్రం ఉంది. నడవని బండి మొత్తంగా అమ్మితే వచ్చేదానికంటే విడదీసి అమ్మితే ఎక్కువ రావచ్చు. పగలని బానెట్టు, స్టీరింగ్ చక్రం, గేర్‌బాక్స్, గడ్డి కోసే డెక్కు, ఇవన్నీ ఎవడో ఒకడు వెతుకుతూనే ఉంటాడు. పనిముట్లుంటే మరీ మంచిది. మంచు నెట్టేదో, మట్టి దున్నేదో ట్రాక్టర్‌తో సమానంగా ధర పలికిన సందర్భాలున్నాయి. అయితే విడదీసి అమ్మడానికి ఓపిక కావాలి. విప్పినవన్నీ మళ్లీ సంచుల్లో చేరితే నా మోటార్ సైకిల్ కథే అవుతుంది.

ఏది ఉంచుకోవాలో తేల్చడానికి అందం కంటే ఇంజిన్ ముఖ్యం. కోలర్ కంపెనీ కే సిరీస్ ఇంజిన్లను ఎన్నో బ్రాండ్ల ట్రాక్టర్లలో బిగించారు. పేరు వేరైనా లోపలి ఇంజిన్ అదే కాబట్టి భాగాలు ఇంకా దొరుకుతాయి. ఓనన్ రెండు సిలిండర్ల ఇంజిన్ ఉన్న బండి నడిచినంత కాలం మెత్తగా, ముచ్చటగా ఉంటుంది. పాడైతే మాత్రం భాగాల ఖర్చు తడిసి మోపెడవుతుంది. మీ నాలుగింటిలో అలాంటిది ఉంటే, అది కూడా పట్టేసి ఉంటే, మొదట అమ్మాల్సింది అదే.

ఇప్పుడు ఆ 110 సంగతి. దానిలో ఉన్నది కే సిరీస్ ఇంజినే అయితే మీకు ఒక సౌకర్యం ఉంది. అది ఫ్లాట్‌హెడ్. వాల్వులు బ్లాకులోనే ఉంటాయి. హెడ్ బోల్టులు విప్పి మూత ఎత్తితే చాలు, సిలిండర్ గోడ కళ్లముందు ఉంటుంది. టార్చి వేసి చూడండి. పిస్టన్ ఆగిన చోట తుప్పు చారను నూనె గుడ్డతో తుడిచి, దాని మీద గోరు పైనుంచి కిందికి లాగండి. గోరు జారిపోతే తుప్పు వదిలించే నూనె పోసి కొన్నాళ్లు నానబెట్టి వదిలించొచ్చు. రింగులతో పని అయిపోవచ్చు కూడా. గోరు గుంటలో తట్టుకుంటే బోరింగు తప్పదు. అప్పుడు పిస్టన్ తల మీద మసి గీకి చూడండి. గతంలో ఎవరైనా బోరింగు చేయించి ఉంటే చాలాసార్లు అక్కడ సైజు కొట్టి ఉంటుంది. 10, 20, 30, అంటే అంగుళంలో వెయ్యో వంతులు. 30 కనిపించిందంటే మామూలు ఓవర్‌సైజులన్నీ (బోరింగు తర్వాత వేసే పెద్ద పిస్టన్లు) అయిపోయినట్టే. స్లీవు (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయించాలి, లేదా ఇంకో బ్లాకు వెతుక్కోవాలి. నేను 110 అని వేసిన అంకె రెట్టింపు కావడానికి అది చాలు.

బ్లాకు చుట్టూ కూడా ఒకసారి చేయి తిప్పి చూడండి. ఈ ఇంజిన్లలో ఆయిల్ పంపు లేదు, అడుగున ఉన్న ఆయిల్ చిమ్మి తడుపుతుంది. ఆయిల్ తగ్గిన బండిని నడిపితే అల్యూమినియం కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును పగలగొడుతుంది. వెల్డింగు చేసిన మచ్చ కనిపిస్తే బేరం మాట అక్కడితో ఆపండి.

ఉద్యోగం మానేయడం గురించి: ఇప్పుడు వద్దు. పెద్దవాడి కాలేజీ అయ్యేదాకా ఆ ఆలోచనే వద్దు. పాతవి కొని, బాగుచేసి, అమ్మి బతకడం మీరు పైన చూసిన లెక్కలో కుదరదు. 460 పెట్టి 300కు అమ్మే వ్యాపారంలో ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. వేరేవాళ్ల బండ్లకు రిపేరు చేయడం అలా కాదు. కార్బ్యురేటర్ శుభ్రం చేయడం, బెల్టు మార్చడం, డెక్కు బేరింగులు వేయడం పూటలో అయిపోయే పనులు. భాగాల డబ్బు వాళ్లదే, కూలి మీది, సాయంత్రానికి చేతిలో పడుతుంది. గడ్డి పెరిగే కాలం రెండుసార్లు వచ్చి పోయేదాకా శని, ఆదివారాల్లో ఇది చేసి చూడండి. ప్రతి పనికీ పట్టిన గంటలు రాయండి. వచ్చిన కూలిని గంటలతో భాగిస్తే వచ్చే అంకెను మీ ఉద్యోగపు గంట జీతం పక్కన పెట్టుకోండి. మనసుకు నచ్చకపోయినా ఆ అంకె అబద్ధం చెప్పదు. ఇది చూడకుండా రాజీనామా ఇస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. డబ్బు తీసుకుని చేసిన పనికి పన్ను లెక్క కూడా ఉంటుందని, మీరు బిగించిన బ్రేకు వాలులో పట్టకపోతే బాధ్యత మీ మీదికి వస్తుందని గుర్తుంచుకోండి. బీమా గురించి ముందే అడిగి తెలుసుకోవాలి.

బీమా మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మీ ఇంటి రాబడి మీ రెండు చేతుల మీద నడుస్తోంది. జాకీ ఒక్కటే పెట్టి బండి కింద దూరకండి, స్టాండ్లు కొనండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పాత పెయింటులో సీసం ఉండొచ్చు. పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. మంచి మాస్కు, స్టాండ్లు ఈ నెల ఖర్చులోనే రాసుకోండి. 15లోంచి పోయినా పరవాలేదు.

ఆ 15కు విడిగా ఒక ఖాతా తెరవండి. జీతం రోజునే అందులోకి వెళ్లిపోవాలి. బండి అమ్మినా, భాగం అమ్మినా డబ్బు అందులోనే పడాలి. ఖాతా ఖాళీ అయితే ఆ నెలంతా షెడ్డులో విప్పడం, కడగడం, పేర్లు రాయడం మాత్రమే. ఖాతా పుస్తకం మీ ఆవిడ చూసేచోట పెట్టండి. ఆవిడ అభ్యంతరం డబ్బు గురించో, ఆదివారాల గురించో మీరు రాయలేదు. ఆదివారాల గురించే అయితే నా దగ్గర మందు లేదు.

అమ్మే మనిషికి ఫోన్ చేసి నెల గడువు అడగండి. ఈలోగా రెండు బండ్లు అమ్మి ఆ 100 కొత్త ఖాతాలో వేయండి. డబ్బు చేరాక పానా తీసుకుని వెళ్లి, హెడ్ విప్పి చూసుకునే కొంటానని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.